మీ బొమ్మలో ఎండుమిరపకాయలు గులాబీ రంగులోకి తిరుగుతున్నాయా?

ఎరుపులో తెల్లరంగు కలపడమే కారణం. గుంటూరు ఎండుమిరపకాయల్ని ఆయిల్ రంగుల్లో వేస్తుంటే వెలుగు పడ్డచోట గులాబీగా, నీడలో బొగ్గులా వస్తోందని ఒకరు అడిగారు. తెలుపు కలిస్తే ఎరుపు గులాబీ అవుతుంది, నలుపు కలిస్తే చచ్చిపోతుంది.

1. వెలుగు వైపు కాడ్మియం రెడ్‌లో కొంచెం కాడ్మియం ఎల్లో కలపండి. తెలుపు వద్దు.

2. నీడకి అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపులో రవ్వంత విరిడియన్ ఆకుపచ్చ.

3. చాలామంది వదిలేసేది ఇదే. కాయల్ని ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. మీ కాన్వాస్‌ని కూడా అలాగే తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎరుపు కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి లేత రంగనుకుంటాం. నిజానికి ఎండుమిరపకాయ చాలా ముదురు, గుంటూరు సన్నం రకం కాయైతే ముడతల్లో ఇంకా ముదురు. మీ బొమ్మలో ఎక్కడ తేలిపోయినట్టుందో అక్కడ తెలుపు ఎక్కువైంది. దానిమీదే రంగు పూయకండి, పచ్చిగా ఉండగానే పాలెట్ నైఫ్‌తో (రంగులు కలిపే మొద్దు కత్తి) గీకేసి, గుడ్డతో తుడిచి మళ్లీ వేయండి. టెన్షన్ పడొద్దు, ఆయిల్ అంత తొందరగా ఆరదు.

4. తొక్క మీద మెరుపు చివర్లో, కింది రంగు ఆరాక. తెలుపులో రవ్వంత నీలం, ఒక్క పెట్టు. మళ్లీ బ్రష్ తగలనివ్వకండి.

వెనక తెల్లగుడ్డ ఉంటే తీసేసి, మిర్చి టిక్కీ (బస్తా) గోనెపట్టా పెట్టండి. ఆ మసక గోధుమరంగు పక్కన ఎరుపు దానంతటదే వెలుగుతుంది.