రేపు మారిపోయే నిర్ణయాన్ని ఇవాళ ఎలా నమ్మాలి?

డాక్టర్లు, శాస్త్రవేత్తలు మాట మారుస్తూనే ఉంటారు, ఇక వాళ్లను నమ్మడం దేనికని కొందరు అడుగుతుంటారు. ఆ మాట ఎలా మారుతుందో అల్సర్ విషయంలో చూడండి.

కడుపులో పుండుకి టెన్షన్, కారం, ఎక్కువైన యాసిడ్ కారణమని చాలాకాలం అనుకున్నారు. 1980ల మొదట్లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే డాక్టర్లు దీనికి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కారణమన్నారు. చాలామంది ఒప్పుకోలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియా ఉన్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నారు (మీరు మాత్రం ఇలాంటివి చేయకండి). 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

అలాగని పాత మాట మొత్తం కొట్టుకుపోలేదు. యాసిడ్ తగ్గించే మందును ఇప్పటికీ యాంటీబయాటిక్స్‌తో కలిపి ఇస్తారు. కొత్త మాటకూ హద్దులున్నాయి: ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రల వల్ల కూడా అల్సర్ వస్తుంది.

1970ల చివర్లో యాసిడ్ తగ్గించే మాత్ర రాసిన డాక్టరును నేను తప్పుపట్టను. పుండు మానేది, మందు ఆపితే చాలామందికి తిరగబెట్టేది. అసలు కారణం ఇంకేదో ఉందనడానికి అదే సూచన. అందుకే ఒక నిర్ణయాన్ని నమ్మి నడుస్తున్నప్పుడు, ఏం కనిపిస్తే దాన్ని మార్చుకోవాలో ముందే అనుకోవడం మంచిది. మాత్రను రేపు ఆపేయొచ్చు. కానీ ఆ రోజుల్లో అల్సర్ కోసం కొందరికి కడుపులో కొంత భాగం కోసి తీసేసేవారు. వెనక్కి తీసుకోలేని అలాంటి పనులకే ఎక్కువ రుజువు అడగాలి, రెండో డాక్టరు దగ్గరికీ వెళ్లాలి.