తాళాల పెట్టె కొంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. విజయనగరంలో మీ ఆస్పత్రివాళ్లు ఎలక్ట్రానిక్ కీ క్యాబినెట్, అంటే తాళంచెవులు దాచి ఎవరు ఎప్పుడు తీశారో రాసిపెట్టే పెట్టె, కొందామనుకుంటున్నారనీ, ఏది కొనాలో తేల్చే పని నీకు అప్పగించారనీ రాశావు. చాలా సంతోషం. ఆస్పత్రుల ఆఫీసుల్లోనే నా సర్వీసంతా గడిచింది. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, అన్నీ చెప్తాను.

అసలు ఇది ఎందుకు కొంటున్నావో ముందు నీ మనసులో తేలాలి. దొంగతనాలు ఆపడానికి అని మీ యాజమాన్యం అంటుంది. అది సగమే. తాళంచెవి ఎవరి చేతిలో ఉందో రుజువు లేని చోట ఏ వస్తువు పోయినా మొదటి అనుమానం ఆయా మీద, వార్డ్ బాయ్ మీద, నైట్ వాచ్‌మన్ మీద పడుతుంది. నేను పనిచేసిన ఒకచోట స్టోర్ రూమ్‌లో సామాను తగ్గింది. ఆ గది తాళంచెవి గోడకు మేకు మీద వేలాడేది. అటు వెళ్లే ఎవరికైనా అందుతుంది. రిజిస్టర్ తీసి చూస్తే ఆ వారం సంతకాలన్నీ ఒకే పెన్ను, ఒకే చేతిరాత. ఎవరో తీరిగ్గా కూర్చుని నింపారని చూడగానే తెలుస్తోంది. అయినా ఉద్యోగం పోయింది వాచ్‌మన్‌కి. తీశాడని ఎవరూ చూపించలేదు, తీయలేదని చూపించుకునే దారి అతనికి లేదు. ఈ పెట్టె రాసిపెట్టే లెక్క అలాంటి మనిషికి అండ. మీ స్టాఫ్‌కి కూడా ఈ మాటే చెప్పు. మన మీద నిఘా పెడుతున్నారు అనుకుంటే పది దారుల్లో తప్పించుకుంటారు, మన పేరు కాపాడుతుంది అనుకుంటే వాళ్లే చూసుకుంటారు.

ఇక పెట్టె సంగతి. ఉక్కు క్యాబినెట్, లోపల వరసగా గూళ్లు. ప్రతి తాళంచెవికీ, లేదా ఒక గుత్తికీ, ఫాబ్ అనే బిళ్ల ఉంటుంది. దాన్ని ఉక్కు తీగ సీలుతో బిగిస్తారు, సీలు కోస్తే తప్ప తాళంచెవి విడిగా రాదు. బిళ్లలో చిన్న ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్ ఉంటుంది, ఏ బిళ్ల ఏదో పెట్టె దానితోనే రేడియో తరంగాల ద్వారా గుర్తుపడుతుంది. పిన్ కొట్టో, కార్డు చూపించో, వేలు పెట్టో మనిషి తానెవరో చెప్పుకుంటే తలుపు తెరుచుకుంటుంది, అతనికి అనుమతి ఉన్న గూడు దగ్గర లైటు వెలుగుతుంది. తీసిన టైమూ, తిరిగి పెట్టిన టైమూ పేరుతో సహా నమోదవుతాయి.

చూడ్డానికి ఒకేలా ఉండే పెట్టెల్లో ఒక పెద్ద తేడా ఉంది, కొటేషన్లలో దాన్ని స్పష్టంగా రాయరు. కొన్నింటిలో ప్రతి గూడుకీ విడి లాక్ ఉంటుంది, అనుమతి ఉన్న తాళంచెవి మాత్రమే ఊడి వస్తుంది. కొన్నింటిలో తలుపుకే లాక్. తలుపు తెరిచాక ఏది లాగినా వస్తుంది, ఎవరు లాగారో తర్వాత రిపోర్టులో తెలుస్తుంది, అంతే. రెండో రకం చవక. లినెన్ గది, సెమినార్ హాలు లాంటి వాటికి అది చాలు. మందుల స్టోరు, క్యాష్ రూమ్, మెడికల్ రికార్డ్స్ తాళంచెవులుంటే మాత్రం గూడు గూడుకీ లాక్ ఉన్నదే తీసుకో. ఇక్కడ పొదుపు చేయొద్దు.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు ఎంతసేపు మాట్లాడినా చెప్పరు. ఆ పెట్టె గుర్తుపట్టేది బిళ్లని. తాళంచెవిని కాదు. ఎవరైనా ఉదయం తీసుకుని, బజార్లో డూప్లికేట్ చేయించుకుని, సాయంత్రం బుద్ధిగా తిరిగి పెడితే రిపోర్టులో అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందుకే ముఖ్యమైన గదులకు బజార్లో సులువుగా నకలు తీయలేని రకం తాళాలు వేయించాలి. అలాగే పెట్టెలోంచి తీసిన మనిషి వరండాలో ఇంకొకరి చేతిలో పెడితే లెక్క అక్కడితో తెగిపోతుంది. సిస్టర్ బిజీగా ఉంది కదా అని ఆయా చేతికిచ్చి పంపడం మన ఆస్పత్రుల్లో నిత్యం జరిగేదే. షిఫ్ట్ మారేటప్పుడు కూడా చేతుల మీదుగా ఇచ్చేసుకుంటారు. ఒకరు గూట్లో పెట్టాలి, తర్వాతి వాళ్లు తమ పిన్‌తో తీసుకోవాలి. పెట్టెని నర్సింగ్ స్టేషన్‌కి దూరంగా ఆఫీసు గదిలో బిగిస్తే ఈ నియమం ఒక్క రోజు కూడా నిలవదు. హ్యాండోవర్ జరిగే చోటే గోడ చూసుకో, మీద సీసీ కెమెరా పడేలా.

ఆర్డర్ ఇచ్చే ముందు చేయాల్సిన పని ఒకటుంది, అన్నిటికన్నా కష్టం అదే. ఆస్పత్రిలోని తాళంచెవులన్నీ ఒకచోట చేర్చి, ఒక్కొక్కటీ పట్టుకెళ్లి తాళంలో తిప్పి చూడాలి. తాళం లేని చెవులూ చెవి లేని తాళాలూ డబ్బాడు బయటపడతాయి. ఎవరి ఇంటి దగ్గర ఎన్ని డూప్లికేట్లున్నాయో కూడా అప్పుడే తేలుతుంది. వెనక్కి రాని డూప్లికేట్ ఒక్కటున్నా ఆ తాళం మార్చెయ్. ఇది చేయకుండా పెట్టె బిగించడం డబ్బు దండగ.

తర్వాత పెద్ద కాగితం మీద గీతలు గీసి, ఏ తాళంచెవి ఎవరికి, ఏ వేళల్లో అని రాసుకో. డిపార్ట్‌మెంట్ పెద్దలతో కూర్చుని రాయి. ప్రతి పెద్దమనిషీ తనకి అన్నీ కావాలంటాడు. లోపలికి వెళ్లే పని లేని గదికి అధికారం హోదాని బట్టి ఇవ్వకూడదు, ఈ ఒక్కచోట గట్టిగా నిలబడు. బిళ్ల మీద గది పేరు రాయించకు, నంబరు మాత్రమే వేయించు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర పడిపోయినా అది ఎక్కడిదో దొరికినవాడికి తెలియకూడదు.

పూరీ జగన్నాథుడి గుడిలో నగలు దాచే రత్న భండారం సంగతి నీకు తెలుసు కదా. లోపలి గది తాళంచెవులు కనిపించడం లేదని 2018లో బయటపడింది. 2024 జూలై 14న తెరవబోతే ఉన్న డూప్లికేట్లు పనిచేయక తాళాలు పగలగొట్టాల్సి వచ్చింది. అంత విలువైన గదికే అలా జరిగింది. డూప్లికేట్ ఉందని సీల్ వేసి దాచేస్తే సరిపోదు, అప్పుడప్పుడు తీసి తిప్పి చూడాలి. బ్యాంకులవాళ్ల పద్ధతి ఇందులో ఆదర్శం. స్ట్రాంగ్ రూమ్‌కి ఇద్దరు కస్టోడియన్లు, ఒక్కరి వల్ల తెరుచుకోదు. డూప్లికేట్ సెట్టు ఆ బిల్డింగ్‌లోనే ఉండదు, వేరే బ్రాంచిలో ఉంటుంది. మంచి క్యాబినెట్లలో కూడా ఇద్దరు వచ్చి పిన్ కొడితేనే విడుదలయ్యే ఏర్పాటు ఉంటుంది. మార్ఫిన్, ఫెంటనిల్ ఉంచే అలమరకి అది తప్పకుండా పెట్టించు. మత్తుమందుల చట్టం కింద రాయాల్సిన రిజిస్టర్లు మాత్రం యథావిధిగా రాయాల్సిందే. పెట్టె రిపోర్టు వాటికి బదులు కాదు.

ఇప్పుడు నాకు అసలు టెన్షన్ పెట్టే విషయం, కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మన రెండు జిల్లాలకీ చూపించాయి కదా. తిత్లీ తర్వాత ఉద్దానంలో ఎన్ని ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయో నీకు తెలుసు. క్యాబినెట్‌లో ఉండే బ్యాటరీ కొన్ని గంటలే వస్తుంది. అది అయిపోయాక పెట్టె ఎలా తెరుచుకుంటుంది? మామూలు తాళంచెవితో తెరిచే ఏర్పాటు ఉండాలి. ఆ తాళంచెవి సీల్ చేసిన కవర్లో, ఇద్దరి సంతకాలతో, రాత్రి వేళ కూడా మనిషి ఉండే చోట ఉండాలి. అలా తెరిచినప్పుడు ఏం తీశారో రాయడానికి పక్కనే ఒక పుస్తకం ఉంచు. డెమో ఇవ్వడానికి వచ్చినవాళ్ల ముందే ప్లగ్ పీకించి, బ్యాటరీ కూడా ఊడదీయించి, తెరిచి చూపించమని అడుగు. మొహమాటపడకు.

జనరేటర్ గది తాళంచెవి ఈ పెట్టెలో మాత్రమే ఉండకూడదు. కరెంటు పోయి, బ్యాటరీ దిగిపోయి, జనరేటర్ వేద్దామంటే దాని తాళంచెవి పెట్టెలో ఇరుక్కుంటే ఐసీయూలో రోగి గతేమిటి? ఆక్సిజన్ సిలిండర్లని పైపులకి కలిపే మానిఫోల్డ్ గదిదీ అంతే. ఈ రెండింటికీ, ఫైర్ పంపు గదికీ ఒక్కో తాళంచెవి అద్దం పగలగొట్టి తీసుకునే చిన్న డబ్బాలో, ఆ గది దగ్గరే పెట్టించు. అద్దం పగిలితే అందరికీ తెలుస్తుంది, కాబట్టి దుర్వినియోగం కాదు. ఇక అత్యవసర ద్వారాల తాళంచెవులకి పెట్టెలో గూడే అడగొద్దు. బయటికి వెళ్లే దారి తలుపులు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 చెబుతోంది. పిల్లలు, కుక్కలు వస్తున్నాయని మెట్ల తలుపుకి తాళంకప్ప వేసేస్తారు. మీ దగ్గర అలాంటిదుంటే ఈ పెట్టె కన్నా ముందు దాన్ని తీయించు.

వేలిముద్ర పెట్టాలా అని అడిగావు. నా సలహా కార్డూ పిన్నూ కలిపి వాడమని. రోజంతా ఫినాయిల్, బ్లీచింగ్ నీళ్లలో చేతులు పెట్టే ఆయాల వేళ్లు, పలాసలో జీడిపిక్కల నూనె తగిలి ఒలిచిపోయే ఆడవాళ్ల వేళ్లలాగే అరిగిపోతాయి. యంత్రం వాళ్లని మళ్లీ మళ్లీ కాదంటుంటే నలుగురిలో వాళ్లకి చిన్నతనం. పైగా వేలిముద్ర వాళ్ల వ్యక్తిగత సమాచారం. 2023లో దానికి చట్టమే వచ్చింది. తీసుకుంటే ఎందుకు, ఎక్కడ ఉంచుతారు, ఉద్యోగం మానేస్తే ఎప్పుడు తుడిచేస్తారు అన్నది తెలుగులో రాసి చదివి వినిపించాలి. పిన్‌తో ఒకటే ఇబ్బంది, ఒకరిది ఇంకొకరికి చెప్పేస్తారు. కార్డు కూడా కావాలంటే అది చాలావరకు తగ్గుతుంది.

పెట్టె గడియారం తేలికగా తీసుకునేది కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడు టైము తప్పితే రాత్రి షిఫ్ట్‌లో జరిగింది పగటి షిఫ్ట్‌లో జరిగినట్టు కనిపిస్తుంది. నెట్‌వర్క్ నుంచి టైము సరిచేసుకునేలా పెట్టించు, వారానికోసారి నీ గడియారంతో పోల్చు. బిగించిన రోజే కంపెనీ ఇచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చెయ్. అడ్మిన్ అధికారం ఇద్దరికి ఉండాలి, వాళ్లు చేసిన మార్పులు కూడా నమోదవ్వాలి, నీవి కూడా. రిపోర్టు ఎవరూ దిద్దలేని రకంగా ఉందో లేదో తప్పకుండా అడుగు.

ఆలస్యమైతే మోగే అలారానికి గడువు ఆలోచించి పెట్టు. ఆపరేషన్ థియేటర్ స్టోర్‌కి గంట అని పెడితే రోజూ మోగుతుంది, నాలుగు రోజులకి ఎవరూ లక్ష్యపెట్టరు. షిఫ్ట్ అయ్యాక పావుగంట అని పెడితే అర్థముంటుంది. తాళంచెవి జేబులో వేసుకుని ఇంటికి వెళ్లిపోవడమే ఎక్కువగా జరిగేది కాబట్టి, ఆ మెసేజ్ నైట్ సూపర్‌వైజర్‌కీ ఆ మనిషికీ ఇద్దరికీ వెళ్లాలి.

సెక్యూరిటీ ఏజెన్సీవాళ్లు గార్డులని తరచూ మారుస్తారు. మానేసినవాడి పేరు ఆ రోజే తీసెయ్, జీతం లెక్క తేలే దాకా ఆగకు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం వారంలో సగం మంది సెలవు పెడతారు, టెంపరరీ వాళ్లు వస్తారు. వాళ్లకి తేదీతో ముగిసిపోయే అనుమతి ఇవ్వు. పండగ మంగళవారం అయితే బుధవారం రాత్రికి అదే రద్దయిపోవాలి.

కంపెనీ పేరు నేను చెప్పను, నేను చూసిన మోడళ్లు ఇప్పటికి మారిపోయుంటాయి. విశాఖలో సర్వీస్ ఇంజనీరు ఉన్నవాళ్లని చూడు. బిళ్లలు, సీళ్లు విడిగా ఎంతకి దొరుకుతాయో, ఏఎంసీ, అంటే ఏడాదికి మరమ్మతుల ఒప్పందం, ఎంతో, ఏడాది తర్వాత సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టకపోతే పెట్టె పనిచేస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకో. గూళ్లు ఇప్పటి లెక్క కన్నా నాలుగో వంతు ఎక్కువ అడుగు, కొత్త బ్లాక్ వస్తుందంటున్నావు కదా. మీ పాలకొండ క్లినిక్‌కి కూడా ఒకటి కొందామంటున్నారని రాశావు, అది మాత్రం ఆపించు. పదీ పదిహేను తాళంచెవులున్న చోట తాళం వేసిన చెక్క బోర్డూ, శ్రద్ధగా రాసే రిజిస్టరూ చాలు. ఆ డబ్బుతో అక్కడ మంచి తాళాలు వేయించుకోవచ్చు.

మొదట ఒక్క బ్లాక్‌లో నెల రోజులు నడిపి చూడు. రిపోర్టులు నువ్వే చదువు, ఆఫీసు కుర్రాడికి అప్పజెప్పకు. కొటేషన్లు వచ్చాక ఫోటోలు తీసి పంపు. శ్రీకాకుళం వచ్చేటప్పుడు ఆ గీతల కాగితం కూడా పట్టుకురా, ఇద్దరం కలిసి చూద్దాం. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో
మావయ్య