బరువు తక్కువ బిడ్డ పుడితే తప్పు తల్లిదేనా?

38 వారాలకు పుట్టిన పాప 2.1 కిలోలే ఉందని, మీరు సరిగ్గా తినకపోవడం వల్లే ఇలా అయిందని అత్తగారు అంటున్నారని రాశారు. అది నిజమేనా, రెండో కాన్పుకైనా ఏం జాగ్రత్త పడాలి అని అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. మా పెద్దోడు 1.9 కిలోలతో పుట్టాడు, ఈ మాటలన్నీ నేనూ పడ్డదాన్నే.

రెండున్నర కిలోల లోపు ఉంటే బరువు తక్కువ బిడ్డ అంటారు. కొందరు నెలలు నిండకుండా పుడతారు, కొందరు నెలలు నిండినా కడుపులో సరిగ్గా ఎదగరు. మావాడు రెండో రకం. మీరు చెప్పినదాన్ని బట్టి మీ పాప కూడా అంతేననిపిస్తోంది.

మాది ఖమ్మం దగ్గర పల్లె. పంతొమ్మిదేళ్ళకు పెళ్ళి, ఏడాది తిరక్కుండానే కడుపు. అప్పుడు నా బరువు 39 కిలోలు. ఆ తొమ్మిది నెలలూ నేనేం తిన్నానో ఇంటిల్లిపాదీ లెక్కలు తీశారు గానీ, ఆ 39 గురించి ఒక్కరూ అడగలేదు. డాక్టరమ్మ మాత్రం కార్డు చూడగానే అక్కడే ఆగింది. "బిడ్డకు పెట్టాలంటే నీ ఒంట్లో ముందే ఉండాలి కదమ్మా" అంది. రక్తం, అంటే హిమోగ్లోబిన్, 8.2. కడుపుతో ఉన్నవాళ్ళకు 11 అన్నా ఉండాలట.

ఐరన్ గోలీలు ఇచ్చారు. వేసుకుంటే వికారం, మలబద్ధకం, పైగా విరేచనం నల్లగా. భయమేసి సగం పారేశాను. వేసుకున్నవి కూడా పొద్దున టీ తాగుతూ వేసుకున్నా. ఆ నలుపు మామూలేనని, టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదని రెండో కాన్పులో మా ఊరి నర్సమ్మ (ఏఎన్ఎం) చెప్పేదాకా తెలియదు. అప్పటినుంచి రాత్రి అన్నం తిన్న గంటకు నిమ్మరసంతో వేసుకున్నా, కాల్షియం గోలీ వేరే పూట.

ఇంకో సంగతి. "ఎక్కువ తింటే బిడ్డ లావై కోత పెడతారు" అని మా అమ్మే చెప్పింది, ప్రేమతోనే. ఏడో నెల నుంచి రాత్రి అన్నం సగం చేశాను. ఎనిమిదో నెల దాకా మిరప కోతలకు పోయాను. ఇంటికొస్తే కట్టెల పొయ్యి పొగ, పక్కనే మామగారి బీడీ పొగ. పొగ ఎవరు తాగినా బిడ్డ ఎదుగుదలకు మంచిది కాదని తర్వాత తెలిసింది. ఇందులో ఏ ఒక్కదానివల్లో వాడు చిన్నగా పుట్టాడని చెప్పలేను, అన్నీ కలిసే ఉంటాయి.

తిండి ఒక్కటే కారణమైతే మా తోడికోడలి సంగతేమిటి? చక్కగా తినేది, రక్తం కూడా బాగుంది. ఏడో నెలలో బీపీ పెరిగింది, ఊళ్ళో గుర్రపువాతం అంటారే, దానికి దారితీసే బీపీ. మాయ ద్వారా బిడ్డకు రక్తం సరిగ్గా అందక, 34 వారాలకే ఆపరేషన్ చేస్తే బిడ్డ 1.7 కిలోలు. అందుకే ముందు మీ కార్డు తీసి చూసుకోండి: మొదటి నెలల్లో మీ బరువు, రక్తం, బీపీ, మూత్రపరీక్ష, థైరాయిడ్. అత్తగారి మాట కంటే అది ఎక్కువ చెబుతుంది.

రెండోదానికి నేను తొందరపడలేదు. కాన్పయ్యాక కనీసం రెండేళ్ళు ఆగాకే మళ్ళీ కడుపు అనుకోమంటారు, నేను మూడేళ్ళు ఆగాను. ముందే రక్తపరీక్ష చేయించుకుని మందులు వాడాను. 46 కిలోలకు వచ్చాకే అనుకున్నాం. అంగన్‌వాడీలో పెట్టే భోజనం, గుడ్డు, పాలు మొదటిసారి సిగ్గుపడి వదిలేశాను, ఈసారి రోజూ వెళ్ళి అక్కడే కూర్చుని తిన్నాను. ఇంటికి తెస్తే అందరికీ పంచాల్సి వస్తుంది మరి. అత్తమ్మను కూడా ఒకసారి చెకప్‌కి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ నోటి నుంచి విన్నాక ఆవిడ మాట మారింది. పాప 2.8 కిలోలు. మొదటి బిడ్డ బరువు తక్కువగా పుట్టిందని రెండోసారి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఎదుగుదల చూడటానికి స్కానింగ్‌లు ఎక్కువ రాస్తారు.

ఇప్పుడు పాపకైతే తల్లిపాలు, వెచ్చదనం. ఆశా వర్కర్ ఇంటికొచ్చినప్పుడల్లా బరువు తూయించండి. పాలు సరిగ్గా తాగకపోయినా, ఒళ్ళు చల్లబడినా, మందకొడిగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. బట్టల్లేకుండా పాపను గుండెలకు ఆనించి పడుకోబెట్టుకోవడం మీరొక్కరే చేయనక్కర్లేదు. మా ఆయన రెండ్రోజులు సిగ్గుపడ్డాడు, తర్వాత చొక్కా విప్పి మా పెద్దోణ్ణి ఛాతీ మీద వేసుకుని, పైన దుప్పటి కప్పుకుని క్రికెట్ చూసేవాడు.