పాత రిజల్ట్స్ వచ్చి కొత్తవాటి మీద పడుతున్నాయి!

ప్రశ్న: సార్, ఊళ్ళ పేర్లు వెతికే సెర్చ్ బాక్స్ ఒకటి చేశాను. "విశాఖ" అని కొడితే ముందు కరెక్ట్‌గానే వస్తోంది, సెకను ఆగి "వి" ఒక్క అక్షరానికి వచ్చే పెద్ద లిస్టు దాని మీద పడిపోతోంది. పంపిన రిక్వెస్టుని మధ్యలో ఆపే అబార్ట్ కంట్రోలర్ వాడమన్నారు, వాడితే ఇప్పుడు అక్షరం అక్షరానికీ "ఏదో తప్పు జరిగింది" అని ఎర్రగా వస్తోంది. ఇంకోటి, ఆర్డర్ బటన్‌కి కూడా ఇదే పెట్టి క్యాన్సిల్ ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ముందు పంపిన రిక్వెస్టుకే ముందు జవాబు రావాలని రూలేం లేదండి. "వి"కి సర్వర్ బోలెడన్ని ఊళ్ళు ఏరాలి కాబట్టి అది లేటు, అంతే. మీకు చెప్పినవాళ్ళు సరిగ్గానే చెప్పారు, సగమే చెప్పారు.

సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే ఫెచ్ 2015లో క్రోమ్‌లోకి వచ్చినప్పుడు మధ్యలో ఆపే దారే లేదు, అదే పని చేసే పాత ఎక్స్ఎంఎల్ హెచ్‌టీటీపీ రిక్వెస్టుకేమో అబార్ట్ ఉండేది, విచిత్రం చూడండి. ఫెచ్ మన చేతికిచ్చే ప్రామిస్‌నే, అంటే జవాబు తర్వాత ఇస్తానన్న మాటనే, క్యాన్సిల్ చేద్దామన్న ప్రతిపాదన 2016 చివర్లో వెనక్కి పోయింది, ఆ తర్వాతే ఈ కంట్రోలర్ వచ్చింది, క్రోమ్‌లో అయితే 2018లో, 66వ వెర్షన్‌లో. అది ప్రామిస్‌ని ఆపదు, ఆపమన్న కబురు మోసే దాని సిగ్నల్‌ని ఫెచ్‌కి ఇస్తాం, ఆపమన్నప్పుడు ఫెచ్ అబార్ట్ ఎర్రర్ అనే తప్పుతో రిజెక్ట్ అవుతుంది. కొత్త అక్షరం పడగానే పాత రిక్వెస్టుని ఆపుతున్నారు కదా, మీ ఎర్ర మెసేజ్ అదే! తప్పుల్ని పట్టే క్యాచ్‌లో ఎర్రర్ పేరు చూసి, అబార్ట్ ఎర్రర్ అయితే గమ్మున రిటర్న్ అయిపోండి.

ఒకసారి అబార్ట్ అయిన కంట్రోలర్ మళ్ళీ పనికిరాదు, ప్రతి రిక్వెస్టుకీ కొత్తది చేసుకోవాలి. లోడింగ్ చక్రాన్ని, తప్పొచ్చినా రాకపోయినా చివర్న నడిచే ఫైనల్లీలో ఆపుతున్నారా? నేను దీంతో ఒక పూట పోగొట్టుకున్నా. క్యాచ్‌లో రిటర్న్ అన్నా ఫైనల్లీ నడుస్తుంది కదా, అలా చచ్చిన పాత రిక్వెస్టు వచ్చి కొత్తదాని చక్రాన్ని ఆపేసి పోతుంది, యూజరేమో ఖాళీ పేజీ చూస్తూ కూర్చుంటాడు. ఇప్పుడున్న కంట్రోలర్ నాదేనా అని చూసుకుని అప్పుడు ఆపండి. టైపింగ్ ఆగాక ఓ 300 మిల్లీసెకన్లు ఆగి పంపితే ఈ గొడవ సగం అసలు పుట్టదు కూడా.

ఇక ఆర్డర్ బటన్. వద్దండీ బాబూ. అబార్ట్ అంటే మన బ్రౌజర్ వినడం మానేయడం, అంతే. బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే పద్ధతి హెచ్‌టీటీపీ 2 అయితే ఆ ఒక్క స్ట్రీమ్, అంటే ఆ ఒక్క రిక్వెస్ట్ నడిచే దారి, రద్దయిందని సర్వర్‌కి కబురు వెళ్తుంది, పాత 1.1 అయితే కనెక్షనే తెంచేస్తుంది, కానీ అప్పటికే డేటాబేస్‌లో రాసేసింది వెనక్కి రాదు. టిఫిన్ సెంటర్లో దోసె చెప్పి లేచి వెళ్ళిపోతే పెనం మీద పిండి మళ్ళీ గిన్నెలోకి పోతుందా? సెర్చ్‌కి నష్టం లేదు, డబ్బుల దగ్గర మాత్రం ఆర్డర్ పడిందో లేదో తెలీక యూజర్ మళ్ళీ నొక్కుతాడు, రెండు ఆర్డర్లు. క్యాన్సిల్ కావాలంటే దానికి విడిగా ఇంకో రిక్వెస్ట్ పెట్టండి, ప్రతి ఆర్డర్‌కీ ఒక ఐడీ బ్రౌజర్లోనే తయారుచేసి పంపండి, అదే ఐడీ రెండోసారి వస్తే సర్వర్ కొత్త ఆర్డర్ వేయకుండా పాత జవాబే ఇవ్వాలి.

టైమ్ దాటితే ఆపాలనుకుంటే అబార్ట్ సిగ్నల్‌లోనే టైమౌట్ ఉంది, ఇన్ని మిల్లీసెకన్లని ఇస్తే చాలు. అప్పుడు వచ్చేది టైమౌట్ ఎర్రర్, అబార్ట్ ఎర్రర్ కాదు, ఇది మాత్రం యూజర్‌కి చూపించాల్సిందే.