తప్పు స్టెన్సిల్‌ది కాదు, బ్రష్‌లో ఉన్న రంగుది

గోడకి స్టెన్సిల్ (ఆకు, పువ్వు ఆకారంలో ఖాళీలు కత్తిరించిన పలచటి షీటు) పెట్టి రంగు వేస్తుంటే అంచుల కింద నుంచి పాకిపోతోందని, ఖరీదైన స్టెన్సిల్ కొంటే బాగుపడుతుందా లేక స్టిక్కర్లు అంటించుకోవడమే నయమా అని అడిగారు. రెండూ వద్దు. మీ దగ్గరున్న స్టెన్సిల్ చాలు.

మా పడగ్గదిలో మంచం తలవైపు గోడ మీద ముదురాకుపచ్చ తీగ వేద్దామని మొదలుపెట్టినప్పుడు నాదీ ఇదే గొడవ. స్టెన్సిల్ చుట్టూ మాస్కింగ్ టేప్ వేసి, తలుపుకి వేసినట్టు బ్రష్ నిండా రంగు ముంచి రాశాను. ఎత్తి చూస్తే ఆకు కొస ఉండాల్సిన చోట చిన్న బొట్టు ఉంది. రెండు రేకుల మధ్య ఈనెలాగా వదిలిన సన్నటి ఖాళీ పూడిపోయింది. కంగారుపడి తడిగుడ్డతో తుడిస్తే అరచెయ్యంత ఆకుపచ్చ మరక మిగిలింది. టేప్ ఇంకా గట్టిగా నొక్కి మళ్లీ వేశాను. మళ్లీ అంతే. ఏడుపొచ్చింది.

అప్పుడు మా అక్క వచ్చి నా చేతిలో బ్రష్ తీసుకుంది. మొన మీద కొంచెం రంగు అద్దుకుని పాత నూలుగుడ్డ మీద గుండ్రంగా తిప్పుతూ తుడిచింది. మళ్లీ తుడిచింది. “ఇంక అందులో రంగేముంది అక్కా, గోడకేం పడుతుంది?” అన్నాను. “పడదేమో అని నీకు అనుమానం వచ్చేదాకా తుడవాలి. అప్పుడు పడుతుంది” అంది. బ్రష్‌ని నిటారుగా పట్టుకుని టప్ టప్ అని అద్దడం మొదలుపెట్టింది. కాసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత పొగమంచు పలచబడుతుంటే చెట్టు కనిపించినట్టు ఆకు మెల్లగా తేలింది. స్టెన్సిల్ తీస్తే కొస సూదిమొనలా ఉంది.

ఏ గోడా అద్దంలా నున్నగా ఉండదు. స్టెన్సిల్ అంచుకీ గోడకీ మధ్య వెంట్రుకవాసి సందు ఎక్కడో ఒకచోట ఉంటుంది. వత్తి నూనెని పీల్చుకున్నట్టు ఆ సందు తడి రంగుని లోపలికి లాగేసుకుంటుంది. ఎంత టేప్ వేసినా, వెనక జిగురు స్ప్రే కొట్టినా, బ్రష్ నిండా రంగుంటే ఆగదు. చిక్కగా ఒక్కసారి వేసే బదులు పలచగా రెండుసార్లు వేయండి. రంగులో నీళ్లు మాత్రం కలపకండి. రెండు మూడు చోట్ల వేశాక స్టెన్సిల్ వెనక్కి తిప్పి తుడవండి. అక్కడ చేరిన తడే తర్వాతి ఆకుని పాడుచేస్తుంది.

వీడియోల మీద నాకున్న కోపం కూడా ఇక్కడే చెప్పాలి. గోడంతా అరనిమిషంలో పూర్తయినట్టు చూపిస్తారు. బ్రష్ తుడిచే భాగాన్ని కత్తిరించేస్తారు. పనిలో సగం ఆ తుడవడమే! అది చూపించకపోతే కొత్తవాళ్లు స్టెన్సిల్‌నే అనుమానిస్తారు, ఇంకోటి కొంటారు. స్టిక్కర్ల సంగతి అడగనే అక్కర్లేదు. కొన్నాళ్లకి అంచులు లేచి దుమ్ము పడుతుంది, పీకితే గోడ రంగు కూడా ఊడొస్తుంది.

19వ శతాబ్దంలో అమెరికాలోని కనెటికట్‌లో లాంబర్ట్ హిచ్‌కాక్ అనే ఆయన కుర్చీలు చేయించేవాడు. వాటి వీపుపట్టీల మీద పళ్లు, ఆకులు బంగారు రంగులో మెరుస్తుంటాయి. అది తడి రంగు కాదు. వార్నిష్ ఇంకా కొంచెం జిగురుగా ఉండగానే స్టెన్సిల్ పెట్టి, కంచు పొడిని అద్దేవారు. పొడి కాబట్టి పాకే ప్రశ్నే లేదు. స్టెన్సిల్ పొడి చేతి పని అని నేను గట్టిగా నమ్మడానికి ఆ కుర్చీలే కారణం.

మీరూ చెక్క సామాను మీద వేయాలనుకుంటే, మెరిసే చెక్కకి రంగు పట్టదు. 220 నంబరు ఎమరీ పేపర్‌తో ఆ మెరుపు పోయేలా రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ (రంగు పట్టేందుకు ముందుగా వేసే పూత) వేయండి. మా సొరుగుల బల్లకి ఇవన్నీ చేశాను కానీ, స్టెన్సిల్ రంగు బాగా ఆరకముందే పైన వార్నిష్ వేశాను. పువ్వంతా బ్రష్ వెంట సాగిపోయింది. కనీసం ఒక రోజు ఆగండి.

గోడ మీదైతే మూల నుంచి మొదలుపెట్టకండి. పైకప్పుని నమ్మి కొలతలు తీయకండి, అది చాలా ఇళ్లల్లో ఒకవైపు వాలే ఉంటుంది. రసమట్టంతో పెన్సిల్ గీత గీసుకుని, గోడ మధ్య నుంచి అటూ ఇటూ వెళ్లండి. గోడంతా నింపాలని లేదు. తల వెనక ఒక్క తీగ చాలు, చుట్టూ ఖాళీ ఉంటేనే దాని మీదకి కన్ను వెళ్తుంది.

ఇప్పటికే పాకిన చోట్లని తడిగుడ్డతో ముట్టుకోకండి. పూర్తిగా ఆరనిచ్చి, గోడకి వేసిన రంగునే సన్నటి బ్రష్‌తో తీసుకుని బయటికి పాకినంత మేర కప్పేయండి. ఆ రంగు కొంచెం చిన్న సీసాలో దాచుకుంటే ఇంకెప్పుడైనా పనికొస్తుంది.