గీజరు మీట ఎవరి చేతిలో ఉంది?

సందేహం: మాది విశాఖపట్నం. కరెంటు ఆదా కోసం మా అపార్ట్‌మెంటులో అన్ని ఫ్లాట్ల గీజర్లకూ ఏసీలకూ స్మార్ట్ ప్లగ్గులు, అంటే ఫోనుతో దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే ప్లగ్గులు పెట్టించారు. అసోసియేషన్ అన్నింటికీ కలిపి ఒకే ఖాతా తెరిచి, పాస్‌వర్డ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టింది. బిల్లు నిజంగా తగ్గుతుందా?

జవాబు: గీజరు ఆపడం మరిచిపోయే ఇళ్లలో కాస్త తగ్గుతుంది. ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచితే ఏ ప్లగ్గూ లేకుండానే తగ్గుతుంది. ప్లగ్గులు 16 ఆంపియర్లవో కాదో ఈరోజే చూసుకోండి.

నా భయమంతా ఆ పాస్‌వర్డ్ గురించే. అది గ్రూపులో ఉన్నవారందరికీ, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిన అద్దెదారుకూ, ప్లగ్గులు బిగించిన మనిషికీ తెలుసు. ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఎవరూ దీన్ని ప్రమాదంగా చూడడం లేదు.

ఒక్కో గీజరు రెండు కిలోవాట్లు లాగుతుంది. నగరంలో లక్ష గీజర్లను ఎవరో ఒకేసారి ఆన్ చేస్తే ఆ క్షణంలోనే 200 మెగావాట్ల లోడు గ్రిడ్ మీద, అంటే కరెంటు సరఫరా వ్యవస్థ మీద పడుతుంది. మన గ్రిడ్‌లో కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలవాలంటే ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణం సరిపోవాలి. లోడు హఠాత్తుగా పెరిగితే ఫ్రీక్వెన్సీ పడిపోతుంది, మరీ పడిపోతే రిలేలు (వాటంతట అవే పనిచేసే రక్షణ స్విచ్‌లు) ఫీడర్లను, అంటే ప్రాంతాలకు కరెంటు తెచ్చే లైన్లను ఆపేస్తాయి. ఎక్కువ వాట్ల ఇంటి పరికరాలను చేజిక్కించుకుని గ్రిడ్‌ను దెబ్బతీయవచ్చని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లోనే కంప్యూటర్ సిమ్యులేషన్లతో చూపించారు. అంతకుముందు, 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్) ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, రౌటర్లను లోబరుచుకుంది. వాటితో చేసిన దాడి వల్ల ఆ అక్టోబరులో పేరున్న వెబ్‌సైట్లు ఎన్నో గంటల తరబడి అందలేదు. కెమెరాలతోనే అంత జరిగితే, గీజర్ల సంగతి ఆలోచించండి.

తప్పు వాడేవారిదొక్కటే కాదు. అందరికీ ఒకే పాస్‌వర్డ్‌తో పరికరాలు అమ్మడాన్ని బ్రిటన్ 2024 ఏప్రిల్ 29 నుంచి చట్టంతో నిషేధించింది. స్మార్ట్ సిటీ అంటే కంట్రోల్ రూములో పెద్ద తెరలు పెట్టడమే అనుకునే మన అధికారులు, టెండరు పత్రంలో ఈ ఒక్క షరతు ఎందుకు రాయరు? నాకు చాలా కోపం వచ్చేది ఇక్కడే. రెండేళ్లకే అప్‌డేట్లు ఆపేసే చవక ప్లగ్గులను ఇళ్లకు అంటగట్టి, దానికి ఇంధన పొదుపు అని పేరు పెట్టడం అన్యాయం.

ఇక మీ పని. ఆ ఉమ్మడి ఖాతాను మూసేసి, ఫ్లాటుకొక ఖాతా తెరిపించండి. పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకు వచ్చే కోడ్‌ లాంటిది కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. కరెంటు పోయి వచ్చాక ప్లగ్గు ఆఫ్‌లోనే ఉండేలా సెట్ చేయండి. లేకపోతే సరఫరా రాగానే భవనంలోని గీజర్లన్నీ ఒక్కసారే వెలుగుతాయి. గీజరుకు ప్లగ్గులోని టైమరు చాలు, దూరం నుంచి నడిపే సౌకర్యాన్ని ఆపేయండి. పాత ఖాతాను మూసేముందు, అది తెరిచి ఉన్న ఫోన్లన్నింటి నుంచీ లాగౌట్ చేయించండి, బిగించిన మనిషి ఫోనుతో సహా.