అంతా ఒకేసారి కలిపేయకు

నాన్నా,

వచ్చే వారం మీ అమ్మ అస్థికలు తీసుకుని సముద్రానికి వెళ్తున్నావని తెలిసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. అంత పని నీ ఒక్కడి నెత్తిన వేసుకున్నందుకు గర్వంగా ఉంది, ఈ పెద్దమ్మతో ఒక్క మాటైనా అనకుండా టికెట్ తీసేసుకున్నందుకు కోపంగానూ ఉంది.

దహనం సర్టిఫికెట్ పెట్టెతోనే ఉంచుకో. విమానంలో ఒప్పుకుంటారో లేదో ముందే అడుగు. లోహపు కలశం వద్దు, ఎక్స్‌రేలో లోపలిది కనబడకపోతే ఆపేస్తారు, చెక్క పెట్టె అయితే నయం. బరువుంటుంది, చూసి పట్టుకో. గుప్పెడు బూడిద అనుకుంటాం గానీ అది ఎముకల పొడి, పెద్దవాళ్లదైతే 2, 3 కిలోల దాకా వస్తుంది.

ఇక నేను చేసిన తప్పు చెప్తాను. మా నాన్న పోయినప్పుడు ఆ పెట్టె ఇంట్లో ఉంటే నాకు కంటి మీద కునుకు ఉండేది కాదు, ఆ గదిలోకి వెళ్లాలంటేనే కాళ్లు వణికేవి. మీ అమ్మ రావడానికి ఇంకా రెండు రోజులుంది. ఆగలేకపోయాను. తెల్లవారకముందే ఒక్కదాన్నే ఏటికి వెళ్లి మొత్తం ఒంపేశాను, గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకోలేదు, సగం వచ్చి నా మీదే పడింది. మీ అమ్మ వచ్చి ఖాళీ పెట్టె చూసి ఒక్క మాట కూడా అనలేదు. చాలాసేపటికి, "ఆ రోజు కట్టుకున్న చీర ఏదక్కా?" అంది. అప్పటికే ఉతికేశాను రా.

అందుకే చెప్తున్నా, తొందరేం లేదు. తడి తగలకుండా మూత పెడితే అది ఏళ్ల తరబడి ఉన్నా పాడవదు. చెల్లిని అడిగావా? అడగకపోతే ఈ రోజే అడుగు. తనకి కావాల్సింది ఇంట్లోనే తీసి ఇవ్వు, ఒడ్డున నిలబడి పంచుకోవద్దు. మొక్క కింద వేసుకుంటానంటే ఉత్త పొడి పోయొద్దని చెప్పు, అందులోని ఉప్పుకీ క్షారానికీ వేళ్లు మాడిపోతాయి. కొంచెమే తీసుకుని బోలెడంత మట్టిలో కలపాలి. నీళ్ల దగ్గర గాలి వీపుకి తగిలేలా నిలబడి, బాగా వంగి, మెల్లగా వదులు. చేతులు వణికితే కాసేపు కూర్చో, ఎవరూ నిన్ను తరమట్లేదు.

సముద్రం దాకా రావడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. బయలుదేరే ముందు పెట్టె తీసుకుని ఒకసారి ఇటు రా. ఒక్క రాత్రి దాన్ని నా దగ్గర పడుకోనివ్వు, ఇప్పుడు నాకేం భయం లేదు. చిన్న డబ్బీ ఒకటి కడిగి ఎండబెట్టి ఉంచాను.

మీ పెద్దమ్మ